గట్టయ్య వండిన హంబరు టేకు

గట్టయ్యకు ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా తన ఇంట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు. నది అవతలి జైపూర్ దగ్గరి పల్లెలో ఉన్నన్నాళ్ళూ తల్లి వండిపెట్టింది. గోదావరిఖనిలో బొగ్గుబాయి పని దొరికి, పోశవ్వతో పెళ్ళయి, కంపెనీ క్వార్టరులో కాపురం పెట్టాక పోశవ్వ వండిపెట్టింది. అతని వంతు తినడం. ఆ వంతులో అతను ఏనాడూ లోటు చెయ్యలేదు. భూమి లోపల బొగ్గు నింపే మనుషులు సద్దిగిన్నెలు విప్పే వేళ గట్టయ్య పక్కన కూర్చోవడానికి పోటీ పడేవారు. అతను తింటుంటే చూసినవాళ్ళకు తమ గిన్నెలోని మామిడికాయ తొక్కు కూడా విందులా అనిపించేదట.

1967 వానాకాలంలో, మొదటి షిఫ్టు ఇంకో అరగంటలో ముగుస్తుందనగా, పైకప్పు నుంచి ఒక బండ ఊడి అతని ఎడమ పాదం మీద పడింది. మూడు వేళ్ళు పోయాయి. కప్పు జారకుండా కట్టె మొద్దులు నిలబెట్టే పని అతని గ్యాంగులోని ఎల్లేశానిది. ఆ రోజు ఆ చోట మొద్దు నిలబెట్టింది అతనే. బండను తొలగించి, గట్టయ్యను భుజాన వేసుకుని పైదాకా మోసుకొచ్చిందీ అతనే. ఇద్దరిదీ పక్కపక్క పల్లెలు. అంతకుముందు ఎల్లేశం ప్రతి ఆదివారం గట్టయ్య ఇంట్లో తిని, అక్కడే చాప మీద ఒరిగి, పొద్దు వాలాక లేచి వెళ్ళేవాడు. దెబ్బ తగిలాక దవాఖానకు ఒక్కసారి వచ్చాడు. మంచం దాకా రాకుండా తలుపు దగ్గరే నిలబడి, కాసేపు పాదం కట్టు వంక చూసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంటి గడప తొక్కలేదు.

ఏడు నెలల మీద గట్టయ్యను మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. కుంటికాలుతో లోపలికి దిగలేడు కనుక పైన ఏదైనా చిన్న పని ఇస్తామన్నారు. అతను గుట్ట మీది కంపెనీ గెస్ట్‌హౌస్‌కు పొమ్మన్న కాగితం తీసుకుని, గేటు దగ్గర కావలి పనే కాబోలని వెళ్ళాడు. గేటు దగ్గర అప్పటికే ఒకడున్నాడు. అతను కాగితం చదివి, వెనక వంటింటి వైపు వేలు చూపించాడు.

వంటింట్లో మార్కు మేస్త్రి ఉన్నాడు. బెల్లంపల్లిలో తెల్లదొరల కాలంలో వంట నేర్చుకున్న మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. గడియారాన్ని నమ్మడు. గుడ్డు ఉడకడానికి ఒక క్రీస్తు కీర్తన, చారు మరగడానికి రెండు, అన్నం దిగడానికి మూడు అని లెక్క పెట్టుకుని, పొయ్యి ముందు నిలబడి సన్నగా పాడుకుంటూ ఉంటాడు. కొత్తగా వచ్చిన మనిషిని పైనుంచి కిందికి చూసి, ఏమీ అడగకుండా ఒక గంపెడు ఉల్లిగడ్డలు ముందు పెట్టాడు.

ఆ సాయంత్రం పోశవ్వ ఏం డ్యూటీ అని అడిగితే గట్టయ్య కావలి అని చెప్పాడు. ఎందుకు చెప్పాడో అతనికీ తెలియదు. షిఫ్టుకు పన్నెండు టబ్బుల బొగ్గు నింపిన మనిషి ఉల్లిగడ్డలు కోస్తున్నాడని గ్యాంగులో సదయ్యకు తెలిస్తే ఏమంటాడో అతనికి వినబడుతూనే ఉంది. సదయ్య నోరు అటువంటిది. ఒకసారి అంటే ఆ పేరు మనిషికి చచ్చేదాకా ఉండిపోతుంది. ఒక అబద్ధం చెప్పాక, దాన్ని నిలబెట్టడానికి మర్నాడు ఒక చేతికర్ర కొన్నాడు. రోజూ ఆ కర్ర పట్టుకుని గుట్ట ఎక్కేవాడు, వంటింటి తలుపు వెనక దాన్ని ఆనించి, చేతులు కడుక్కుని, నడుముకు తెల్లగుడ్డ కట్టుకునేవాడు.

విచిత్రం ఏమిటంటే, నెల తిరిగేసరికి అతనికి ఆ పని నచ్చసాగింది. పార పట్టిన చేతులకు కత్తి తేలికగా ఉండేది. ఉల్లిగడ్డ ముక్కలు నూనెలో తెల్లబడి, పచ్చబడి, ఎర్రబడే తీరును అతను గంటసేపైనా చూస్తూ నిలబడగలడు. తొందరపడని మనిషి వంటకు పనికొస్తాడని మార్కు మేస్త్రి ఒకరోజు అన్నాడు. గట్టయ్యను బాయిలో అందరూ మందకొడి అనేవారు. అదే గుణాన్ని ఒకరు మెచ్చుకోగా వినడం అతనికి అదే మొదలు.

ఆ ఏడాది దసరా దాటాక ఒక అమెరికా ఇంజనీరు మిషన్ల పని మీద వచ్చి, భార్యతో సహా గెస్ట్‌హౌస్‌లో దిగాడు. దొరసాని ఎత్తుగా, ఎర్రగా, ఎప్పుడూ చేతులు మడిచిన చొక్కాతో ఉండేది. మూడు వారాలు మేస్త్రి పెట్టినవన్నీ మర్యాదగా తిని, నాలుగో వారం నేరుగా వంటింట్లోకి వచ్చింది. తన దేశం వంట ఒకటి నేర్పుతానంది. వేరే మాంసం అడిగింది కాని, ఇక్కడ దొరికేది మేకదో గొర్రెదో యాటమాంసమే అని మేస్త్రి తేల్చిచెప్పాడు. సరే అని, తన పెట్టెలోంచి ఒక ఇనుప ఖీమా మిషను తెచ్చి బల్ల అంచుకు బిగించింది. పిడి తిప్పుతుంటే మాంసం సన్నటి తాళ్ళలాగా బయటికి వచ్చింది. పాలల్లో నానేసిన డబల్‌రొట్టె, ఒక గుడ్డు, తరిగిన ఉల్లిగడ్డ, ఉప్పు, మిరియాల పొడి కలిపి, అరచేతి వెడల్పున బిళ్ళలు చేసి, ఒక్కొక్కదాని నడుమ బొటనవేలితో చిన్న గుంట నొక్కింది. గుంట లేకపోతే కాలేటప్పుడు బిళ్ళ బంతిలా ఉబ్బుతుందట. వాటిని పెంక మీద రెండువైపులా ఎర్రగా కాల్చి తీసి, అదే పెంకలో ఉల్లిగడ్డలు, కొంచెం మైదపిండి వేయించి, టమాట రసమూ ఒక సీసాలోని నల్లటి పులుసూ పోసి, చిక్కబడ్డాక బిళ్ళలను అందులో మెల్లగా దించింది.

కాల్చేటప్పుడు గట్టయ్య తొందరపడి ఒక బిళ్ళను తిప్పబోతే దొరసాని అతని మణికట్టు పట్టుకుని ఆపి, “వెయిట్” అంది. మళ్ళీ తిప్పబోతే మళ్ళీ అదే మాట. ఆ విధంగా గట్టయ్యకు ఒక ఇంగ్లీషు ముక్క వచ్చింది.

ఆ వంట పేరు హాంబర్గర్ స్టేక్ అని దొరసాని చెప్పింది. మార్కు మేస్త్రి దాన్ని హంబరు టేకు చేశాడు. గట్టయ్యకు అదే నోటికి పట్టింది. నెల రోజుల్లో మేస్త్రి కంటే బాగా చెయ్యడం కూడా పట్టుబడింది.

ఇంటి దగ్గర మాత్రం పోశవ్వకు అనుమానం మొదలైంది. కావలి వాడి చేతులు ఉల్లిగడ్డ వాసన ఎందుకు వస్తాయి? చూపుడువేలి మీద కత్తిగాట్లు ఎందుకుంటాయి? ఒకరోజు ఆమె కూర వేస్తుంటే అతను గోడకు ఆనుకుని కూర్చున్నవాడు ఉన్నట్టుండి, మంట తగ్గియ్యి, ఉల్లిగడ్డ ఇంకింత ఎర్రగ కానియ్యి అన్నాడు. ఎనిమిదేళ్ళలో పొయ్యి వైపు తిరిగి చూడని మనిషి. ఆమె గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇవన్నీ ఒక ఎత్తు, అతను స్నానం చేస్తూ క్రీస్తు కీర్తన కూనిరాగం తీయడం ఒక ఎత్తు. పెనిమిటి తనకు చెప్పకుండా మతంలో కలిశాడని పోశవ్వకు రూఢి అయింది. సమ్మక్కకు మొక్కిన మొక్కు ఇంకా తీర్చనే లేదు, ఇప్పుడెట్లా అని దిగులుపడింది.

మర్నాడు ఐదేళ్ళ కూతురు పూలను పక్కింటి మల్లక్క దగ్గర వదిలి, సద్దిగిన్నె నెపం పెట్టుకుని గుట్ట ఎక్కింది. గేటు దగ్గర ఎవరో వేరే మనిషి కావలి ఉన్నాడు. గట్టయ్యనా, వెనక వంటింట్ల ఉంటడు అన్నాడు. పోశవ్వ చుట్టూ తిరిగి వెళ్ళి కిటికీలోంచి చూసింది. తన పెనిమిటి నడుముకు తెల్లగుడ్డ కట్టుకుని, కీర్తన పాడుకుంటూ, ఏదో ముద్దను అరచేతుల మధ్య పెట్టి పసిపిల్లను జోకొట్టినట్టు తట్టుతున్నాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది. దారిలో రెండుసార్లు ఆగి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందని తర్వాత ఆమే చెప్పింది.

సాయంత్రం అతను కర్ర మూలకు ఆనించి కూర్చున్నాక చాయ ఇచ్చి అడిగింది.

“ఇయ్యాల డ్యూటీ ఎట్లయింది?”

“ఏమున్నది. గేటు కాడ ఒక కుక్క ఒకటే మొరిగింది. కట్టెతోని అదిలిచ్చిన.”

“ఆ కుక్కనేనా నువ్వు అరచేతుల ఒత్తి పెంక మీద కాలుస్తున్నది?”

గట్టయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అతను ఎవరికైనా చెప్పావా అని మాత్రం అడిగాడు. ఎవరికీ చెప్పలేదంది. మతంలో కలిశాడేమోనని భయపడి వెళ్ళానని, వంటే అని తెలిసి ప్రాణం కుదుటపడిందని చెప్పింది. ఆ ముద్దలు ఏమిటని అడిగింది.

“హంబరు టేకు,” అన్నాడు గట్టయ్య.

“టేకా? దొరలు కట్టెలు గూడ తింటరా?”

అతను ఖీమా సంగతి, గుంట సంగతి, పులుసు సంగతి వివరంగా చెప్పాడు. చెప్తూ చెప్తూ ఉత్సాహంలోకి వచ్చి చేతులతో బిళ్ళలు చేసి చూపించాడు. పెళ్ళయిన నాటి నుంచి అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం పోశవ్వ చూడలేదు. అంతా విని ఆమె ఒకే మాట అంది.

“ఎనిమిదేండ్లాయె నీకు వండవట్టి. ఒక్క పూట నువ్వు వండు. నేను కూసుండి తింట.”

ఆదివారం నాడు తలుపు మూసి వండుతాననే షరతు మీద గట్టయ్య ఒప్పుకున్నాడు. అర్ధకిలో యాటకూర తెచ్చి, మిషను లేదు కనుక కత్తితోనే కొట్టి కొట్టి ఖీమా చేశాడు. డబల్‌రొట్టె దొరకలేదు. గుడ్డు సంగతి మరిచిపోయాడు. అయినా ఏమవుతుందిలే అనుకున్నాడు. బొగ్గు పొయ్యిని వాకిట్లో రాజేసి, పొగ పోయాక లోపలికి తెచ్చుకోవడం అక్కడి పద్ధతి. ఆ పని మటుకు పోశవ్వ చేసిపెట్టి, తలుపు మూసి, పూలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పీట మీద కూర్చుంది. గట్టయ్య బిళ్ళలు పెంక మీద పెట్టాడు. ఎర్రబడ్డాయి. నల్ల పులుసు సీసా లేదు కనుక చింతపండు పులుసు, కొంచెం బెల్లం, మిరియాలు గంజులో వేసి మరిగించి, బిళ్ళలను గంటెతో ఎత్తి అందులో దించాడు. అవి ఒకటి తర్వాత ఒకటి విచ్చిపోయాయి. ఐదు నిమిషాల్లో గంజులో ఒక్క బిళ్ళ లేదు, పులుసులో ఈదుతున్న ఖీమా ఉంది.

గట్టయ్య గంజు ముందు కూలబడ్డాడు. పోశవ్వ లేచి వచ్చి చూసి, టేకు చెదలు పట్టిందని చెప్పి, తలె తెచ్చుకుని, తనే అన్నం వడ్డించుకుని దాని మీద గంటెడు పోసుకుంది. పొగలు కక్కుతున్న ముద్దను ఊదుకుంటూ తిన్నది. రెండోసారి పెట్టమంది. గట్టయ్య పెడుతూ ఒక విషయం గమనించాడు. ఆమె అన్నాన్ని ఊదుకోవడం తను ఎప్పుడూ చూడలేదు. అందరూ తిన్నాక, గిన్నెలు చల్లారాక, మిగిలినది తినే మనిషికి ఊదుకోవలసిన పని ఎక్కడిది? మూడోసారి అడగకుండానే పెట్టాడు.

ఆ వరుసలో క్వార్టర్లన్నీ గోడకు గోడ కలిసినవే. వాసనకు తలుపు అడ్డం కాదు. మల్లక్క వచ్చి తలుపు కొట్టి, ఏం వండుతున్నావే, ఇంటింటికీ నోరూరుతోంది అంది. పోశవ్వ ఒక్క క్షణం గట్టయ్య వంక చూసింది. అతను రెండు చేతులూ జోడించాడు. కొత్తరకం కూర, నేనే వండిన అంది పోశవ్వ. మా నాయిన వండిండు అని పూల గట్టిగా అరిచింది. మల్లక్క కడుపు పట్టుకుని నవ్వి, పిల్లకు ముద్దు పెట్టి, ఒక గిన్నె పట్టుకుపోయింది.

తర్వాతి ఆదివారం బిళ్ళలు నిలిచాయి. ఆ ఉపాయం పోశవ్వది. డబల్‌రొట్టె లేకపోతేనేం, నిన్న మిగిలిన జొన్నరొట్టె లేదా అంది. ఎండిన రొట్టెను నలిపి, పాలల్లో నానేసి, మల్లక్క కోడి పెట్టిన గుడ్డుతో కలిపితే ఖీమా గట్టిగా పట్టుకుంది. కాల్చినప్పుడు అంచులు కరకరలాడాయి. గెస్ట్‌హౌస్‌లో చేసినదానికంటే ఇదే బాగుందని గట్టయ్య నాలుకకు తెలిసిపోయింది. కాని ఒప్పుకోవడానికి అతనికి ఇంకో వారం పట్టింది.

మల్లక్క రుచి చూశాక ఊరుకుంటుందా? ఎట్లా చేశావో చెప్పమని పోశవ్వ వెంట పడింది. పోశవ్వకు సగమే తెలుసు. ఆడవాళ్ళు పొద్దున అడిగిన ప్రశ్నలను గుర్తుపెట్టుకుని, సాయంత్రం అతను డ్యూటీ దిగి రాగానే అడిగి తెలుసుకుని, మర్నాడు నల్లా దగ్గర తన సొంత తెలివిలాగా చెప్పేది. గుంట ఎందుకు నొక్కాలె? పులుసు ఎప్పుడు పొయ్యాలె? ఉగాది వచ్చేసరికి ఆ వరుసలో ఆరేడు ఇళ్ళలో పోశవ్వ టేకులు అనే కూర తయారవుతోంది. ఒక ఇంట్లో గుడ్డు ఎక్కువై దోసెలా పరుచుకుందట, ఇంకో ఇంట్లో జొన్నరొట్టె ఎక్కువై నిజంగానే కట్టెలా అయిందట. అయినా ఆడవాళ్ళు పట్టు వదల్లేదు.

కూర సద్దిగిన్నెల్లో బాయిలోకి దిగింది. పాత గ్యాంగు మనుషులు బజారులో గట్టయ్యకు ఎదురుపడి, నీ ఇంటిది భలే వండుతది, నీ అదృష్టం అనసాగారు. మొదట్లో గట్టయ్య లోపల్లోపల నవ్వుకున్నాడు. తర్వాత నవ్వు తగ్గింది. సదయ్య అంతటివాడు నడివీధిలో ఆపి, పోశక్క చేతిల ఏదో ఉన్నదే అన్న రోజున గట్టయ్యకు గొంతుదాకా వచ్చిన మాటను మింగడానికి చాలా కష్టమైంది. దాచుకోవాలని తనే అనుకున్నాడు. దాగింది. ఇప్పుడు అది బయటపడకపోవడమే అతనికి బాధ. ఇంటికి వచ్చి, పులుసులో బెల్లం వెయ్యాలన్నది ఎవరి ఆలోచన అని పోశవ్వను నిలదీశాడు. జొన్నరొట్టె ఎవరి ఆలోచన అని ఆమె తిరిగి అడిగింది. ఆ తగాదా ఆ పూట తేలలేదు.

ఎండాకాలంలో గ్యాంగు మనుషులే పోశవ్వను అడిగారు, ఒక ఆదివారం మాకు తాజాగా వండిపెట్టవా అక్కా అని. ఆమె సరేనంది. మాట ఇచ్చాక, ఎవరితోనూ చెప్పకుండా ఎల్లేశం ఇంటికి వెళ్ళింది. ఏం మాట్లాడిందో గట్టయ్యకు కూడా వివరంగా చెప్పలేదు. రమ్మన్నానని, వస్తే వస్తాడని మాత్రం చెప్పింది. గట్టయ్య ఆ రోజుకు మాంసం కిలో ఎక్కువ తెచ్చాడు.

ఆదివారం నలుగురు వచ్చారు. కాసేపాగి, ఐదోవాడుగా ఎల్లేశం వచ్చి, గోడ నీడలో అందరికంటే దూరంగా ఒక ఇటుక మీద కూర్చున్నాడు. దాదాపు రెండేళ్ళలో మనిషి సగమయ్యాడు. గట్టయ్య అతని వంక చూసి తలూపాడు. అతనూ తలూపాడు. అంతే.

లోపల ఉడుకపోతగా ఉందని పొయ్యి వాకిట్లోనే పెట్టారు. ఇంటి యజమానిగా గట్టయ్య మగవాళ్ళతో చాప మీద కూర్చుని, ముచ్చట్లు వింటున్నట్టు నటిస్తూ పొయ్యి వైపే చూస్తున్నాడు. పోశవ్వ చేతివాటం మంచిదే, కాని ఐదుగురు మగవాళ్ళు చూస్తుండగా ఆమెకు తొందర ఎక్కువైంది. మొదటి వాయి వేసి, అడుగు ఎర్రబడకముందే గంటె కింద దూర్చింది. ఒక బిళ్ళ అంచు చిరిగింది. గట్టయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆమె రెండోదాని కిందికి గంటె పోనిచ్చింది.

“వెయిట్,” అన్నాడు గట్టయ్య.

వాకిలంతా వినబడేటట్టు అన్నాడు. ఆ మాట ఏమిటో ఎవరికీ తెలియదు, అతను లేచి నిలబడ్డాడని మాత్రం అందరూ చూశారు. కుంటుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళి, పోశవ్వ చేతిలోంచి గంటె తీసుకుని, రెండు బొగ్గులు పక్కకు లాగి మంట తగ్గించాడు. తర్వాత పెంక మీదికి వంగి, సన్నగా కీర్తన మొదలుపెట్టాడు. ఒక చరణం అయ్యాక ఒక్కొక్క బిళ్ళను తిప్పాడు. ఒక్కటీ చిరగలేదు. పోశవ్వ పీట జరుపుకుని, చెంగుతో మొహం తుడుచుకుని, హాయిగా గోడకు ఆనుకుంది. గట్టయ్యకు వీపు మీద సదయ్య చూపు తెలుస్తూనే ఉంది. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని ఎదురుచూస్తూ పులుసుకు ఉల్లిగడ్డలు వేశాడు.

ముందుగా కదిలింది ఎల్లేశం. ఇటుక మీంచి లేచి వచ్చి పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక ఒక బొగ్గు ముక్కను అటూ ఇటూ జరిపాడు. గొంతు తగ్గించి మాట్లాడినా పక్కనే ఉన్న పోశవ్వకు వినబడింది.

“ఆ మొద్దు నేనే నిలవెట్టిన, గట్టన్నా.”

“నాకెరుకే.”

“గట్టిగున్నదనే అనుకున్న. తట్టి గూడ చూసిన.”

“ఎరుకే అంటున్న గద. ఎల్లేశం, నన్ను మోసుకొచ్చింది గూడ నాకెరుకే. ఆ మూత ఇటియ్యి, పులుసు ఇగురుతాంది.”

ఎల్లేశం మూత అందించాడు. తర్వాత అక్కడే ఉండి, ఏది అడిగితే అది అందిస్తూ, వంట అయ్యేదాకా లేవలేదు.

అందరికీ గట్టయ్యే వడ్డించాడు. ముందుగా పోశవ్వకు తలె పెట్టి, ఆ తర్వాత మగవాళ్ళకు పెట్టాడు. అది కూడా ఆ వాకిట్లో కొత్త సంగతే, కాని ఆకలి మీద ఉన్నవాళ్ళు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. సదయ్య ఒక బిళ్ళ తిన్నాడు. రెండోది తిన్నాడు. వేళ్ళు నాకి, తలె కింద పెట్టి, గట్టయ్య వంక చాలాసేపు చూశాడు. గట్టయ్య గంటె గట్టిగా పట్టుకున్నాడు.

“ఇంకొకటున్నదా?” అన్నాడు సదయ్య.

ఏడాది దాటిన అబద్ధానికి, ఒక చేతికర్రకు, లెక్కలేనన్ని భయాలకు వచ్చిన జవాబు అది. గట్టయ్య రెండు పెట్టాడు.

మల్లక్క మాత్రం ఆ తర్వాత కూడా నమ్మలేదు. పోశవ్వే పెనిమిటికి నేర్పిందని, ఆయనకు నలుగురిలో పేరు రావాలని ఆ రోజు కావాలనే గంటె వదిలేసిందని నల్లా దగ్గర అందరికీ చెప్పింది. పోశవ్వ అవుననలేదు, కాదనలేదు.

ఒకరోజు గెస్ట్‌హౌస్‌లో డబల్‌రొట్టె అయిపోతే గట్టయ్య ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె నలిపి కలిపాడు. దొరసాని ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగి, వంటింట్లోకి వచ్చి ఇందులో ఏముందని అడిగింది. మార్కు మేస్త్రి తనకు వచ్చిన ఇంగ్లీషంతా వాడి జొన్నల గురించి చెప్పాడు. ఆమె ఒక పుస్తకంలో రాసుకుని, ఇది ఎవరి ఉపాయమని అడిగింది. గట్టయ్య గుండె మీద చెయ్యి పెట్టుకోబోయి, ఎందుకో ఆగి, నా ఇంటిదానిది అని మేస్త్రితో చెప్పించాడు. మర్నాడే దొరసాని క్వార్టరుకు వచ్చింది. వరుసంతా వాకిళ్ళలో నిలబడి చూస్తుండగా పోశవ్వ పక్కన పీట మీద కూర్చుని, రొట్టె కొట్టడం చూసింది. తనూ ఒకటి కొట్టబోయి మూడు ముక్కలు చేసింది. పోశవ్వ ఆ మూడు ముక్కలనూ కాల్చి, వెన్న రాసి ఆమె చేతిలోనే పెట్టింది.

1970లో ఆ దంపతులు వెళ్ళిపోతూ ఖీమా మిషను గట్టయ్యకు ఇచ్చిపోయారు. దానితో ఆదివారాల పని తేలికైంది. మిగతా రోజుల్లో పోశవ్వ దాన్ని గారెల పప్పు రుబ్బడానికి వాడబోయి రెండుసార్లు పిడి వంచింది. నాలుగేళ్ళకు మార్కు మేస్త్రి పని మానుకుని బెల్లంపల్లిలో కొడుకు దగ్గరికి వెళ్ళాడు. గెస్ట్‌హౌస్ వంట గట్టయ్య చేతికి వచ్చింది. అప్పటికి అతనికి పదకొండు కీర్తనలు వచ్చు. వాటి అర్థం అడిగితే, ఇది పప్పుది, ఇది మాంసానిది అని చెప్పేవాడు.

ఎల్లేశం మళ్ళీ ప్రతి ఆదివారం రాసాగాడు. మునుపటిలా చాప మీద ఒరగడు, పొయ్యి పక్కన కూర్చుంటాడు. బొగ్గు ఎంత వెయ్యాలన్న దగ్గర ఇద్దరికీ ఎప్పుడూ పడదు. ఎల్లేశానికి మంట ఎక్కువ కావాలి, గట్టయ్యకు తక్కువ కావాలి. వాళ్ళు వాదించుకుంటూ ఉండగానే పోశవ్వ తలె తెచ్చుకుని, మొదటి వాయిలో మంచివి రెండు ఏరుకుని, పూలను పక్కన కూర్చోబెట్టుకుని, వేడివేడిగా ఊదుకుంటూ తినేది.